సబ్లిమేషన్ ప్రింటింగ్‌లో మంచి ఫలితాలు: మగ్గు నుంచి టీషర్టు దాకా సమగ్ర మార్గదర్శి

పూజ గదిలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలోని హారతి కర్పూరం కొన్నాళ్ళకు కరగకుండానే తరిగిపోవడం మనందరం చూసినదే. ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరి కావడాన్ని బడిలో ఉత్పతనం అని చదువుకున్నాం. సబ్లిమేషన్ ప్రింటింగ్ మొత్తం ఈ ఒక్క ధర్మం మీదనే నడుస్తుంది. ముందు బొమ్మను ప్రత్యేకమైన ఇంకుతో కాగితం మీద ప్రింట్ చేస్తాం, ఆ కాగితాన్ని వస్తువుకు ఆనించి, వేడినీ ఒత్తిడినీ ఇచ్చే ప్రెస్ అనే యంత్రంలో పెడతాం. కాగితం మీద ఎండిన రంగుకు సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినప్పుడు అది ఆవిరవుతుంది. అదే వేడికి పాలిస్టర్ లోపలి అణువుల అల్లిక వదులవుతుంది కనుక ఆ ఆవిరి లోపలికి చొచ్చుకుపోతుంది, చల్లారగానే అల్లిక బిగుసుకుని రంగు అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే సబ్లిమేషన్ చేసిన బొమ్మను వేలితో తడిమితే పూత తగలదు, ఉతికినా పెచ్చులూడదు.

ఈ పనిలో పాటించవలసిన నియమాలన్నీ ఇందులోంచే పుడతాయి. నూలు బట్టలో ఆ రంగును పట్టుకునే పాలిస్టర్ లేదు, కనుక నూలు బట్ట మీద వేసిన బొమ్మ నాలుగు ఉతుకులకే పోతుంది. పింగాణీకి కూడా స్వతహాగా ఆ గుణం లేదు, దాని మీద పాలిమర్ కోటింగ్ వేసిన మగ్గు మీదనే రంగు పడుతుంది. ఈ ఇంకులలో తెలుపు లేదు కాబట్టి బొమ్మలోని తెలుపు అంటే వస్తువు తెలుపే, నల్ల టీషర్టు మీద ఈ పద్ధతిలో ఏమీ కనిపించదు. రంగు ఆవిరి రూపంలో ప్రయాణిస్తుంది కనుక కాగితానికీ వస్తువుకూ మధ్య ఎక్కడ సందు ఉంటే అక్కడ అది పక్కకు పాకి అంచులు మసకబారుతాయి.

నేను మగ్గులు, టీషర్టులు, ఫొటో పలకలు చేసే చిన్న పనిగది నడుపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టినవారు తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ యంత్రం కొనాలి? యంత్రం ముఖ్యమే. అయితే ఒకే ప్రింటరు, ఒకే ప్రెస్, ఒకే రకం మగ్గులు ఉన్న ఇద్దరి పనిలో అంత తేడా ఎందుకు వస్తుందో ఆ ప్రశ్న తేల్చదు. వేడి, సమయం, ఒత్తిడి, తేమ అనే నాలుగింటిని ఎవరు ఎంత గట్టిగా పట్టుకున్నారన్నదే ఆ తేడా. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే సాధనం ప్రతి ప్రెస్ తరువాతా మన చేతిలోనే ఉంటుంది, అదే వాడిన కాగితం. దాన్ని చూడకుండా చెత్తబుట్టలో వేయడం వల్ల నేను పోగొట్టుకున్నదేమిటో ముందు చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఒక పెళ్ళివారు రిటర్న్ గిఫ్టులుగా 40 మగ్గులు చేయించుకున్నారు. వధూవరుల ఫొటో పైన, పేర్లు, తేదీ కింది అంచున ఉన్నాయి. ముఖాలు చక్కగా వచ్చాయని చూసి, వరుసగా ప్రెస్ చేసి డబ్బాలలో పెట్టాను. మరునాడు వారు వచ్చి ఒక మగ్గును వెలుతురులో తిప్పి చూపించారు. తేదీ ఉన్నచోట అక్షరాలు పాలిపోయి ఉన్నాయి. అన్నిటిలోనూ అదే లోపం. బుట్టలోని కాగితాలు తీసి చూస్తే ప్రతి కాగితం అడుగున ఒక వేలి వెడల్పు మేర రంగు ముదురుగా అలాగే నిలిచి ఉంది, అంటే అక్కడి ఇంకు కాగితాన్ని వదిలిపెట్టనే లేదు. మగ్గు ప్రెస్‌లోని రబ్బరు హీటర్ అడుగు అంచున అరిగిపోయింది, దానికి తోడు నేను మగ్గును కాస్త కిందికి దించి పెట్టాను. మొదటి కాగితాన్ని ఒక్క నిమిషం చూసి ఉంటే 39 మగ్గులు మిగిలేవి. ఆనాటి నుంచి ఏ ఆర్డరులోనైనా మొదటి కాగితాన్ని తేదీ, వేడి, సమయం రాసి నోట్‌బుక్కులో అతికిస్తున్నాను.

వస్తువుల ఎంపిక

ప్రింటరు విషయంలో ఒక్క సంగతి తప్పనిసరిగా తెలిసి ఉండాలి. సబ్లిమేషన్ ఇంకును వేడితో చిమ్మే ప్రింట్‌హెడ్‌లో వాడకూడదు, ఒత్తిడితో చిమ్మే పీజో హెడ్‌లోనే వాడాలి. అందువల్లనే ఈ రంగంలో ఎక్కువమంది ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లను ఎంచుకుంటారు. మామూలు లేజర్ ప్రింటరు ఇందుకు పనికిరాదు. మామూలు ఇంకు కోసం తయారైన ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు పోయాలనుకుంటే కొత్త ప్రింటరులోనే, మొదటి రోజు నుంచే పోయాలి, దానివల్ల వారంటీ పోతుందని తెలిసే ఆ పని చేయాలి. మామూలు ఇంకు వాడిన ట్యాంకులో దీన్ని కలిపితే రంగులు ఎన్నటికీ కుదురుకోవు. రెండు కంపెనీల సబ్లిమేషన్ ఇంకులను ఒకే ట్యాంకులో కలపడం కూడా అలాంటి పొరపాటే. ఈ ఇంకులలో రంగు పూర్తిగా కరిగి ఉండదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. అందుకే పోసే ముందు సీసాను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి, గట్టిగా గిలక్కొట్టి నురుగు తెప్పించకూడదు.

ప్రింటరును రోజుల తరబడి ఖాళీగా ఉంచకండి. మన ఎండాకాలంలో, ముఖ్యంగా గదిలో కూలర్ కూడా లేనిచోట, ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్ళు, త్వరగా ఎండిపోతాయి. నాలుగు రంగులూ ఉన్న చిన్న బొమ్మను రెండు రోజులకొకసారైనా వేస్తూ ఉంటే సగం బాధ తప్పుతుంది. ఉదయం పని మొదలుపెట్టే ముందు నాజిల్ చెక్ అనే పరీక్ష ప్రింటు వేసి, అందులోని గీతలు తెగకుండా ఉన్నాయని చూసుకోవాలి. తెగితే రెండు మూడుసార్లకు మించి హెడ్ క్లీనింగ్ చేయకుండా, ప్రింటరును కనీసం 12 గంటలు కదపకుండా వదిలి మళ్ళీ చూడాలి. వెంట వెంటనే క్లీనింగ్ చేస్తూ పోతే ఇంకు వృథా కావడంతో పాటు లోపల వ్యర్థ ఇంకును పీల్చే ప్యాడ్ కూడా త్వరగా నిండిపోతుంది.

కాగితం సబ్లిమేషన్ కోసం తయారైనదే కావాలి. 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) బరువు ఉన్నది మగ్గులకూ టీషర్టులకూ సరిపోతుంది. దానికి ఒకవైపే కోటింగ్ ఉంటుంది, తెల్లగా ఉన్నవైపే ప్రింట్ వేయాలి. గుర్తు కోసం కొన్ని రకాలలో వెనకవైపు లేత రంగు వేస్తారు. అలాంటి గుర్తు లేకపోతే తడి వేలితో ఒక మూల తాకి చూడండి, కాస్త జిగటగా అనిపించేది కోటింగ్ ఉన్న వైపు.

బట్ట కొనేటప్పుడు దుకాణదారు మాట ఒక్కదానినే నమ్మకండి. లోపలి కుట్టు దగ్గర నుంచి ఒక పోగు లాగి, పళ్ళెం మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలిపోతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కలిసిన బట్ట అయితే పూసా, బూడిదా రెండూ కనిపిస్తాయి. పూర్తి పాలిస్టర్ మీద రంగు నిండుగా వస్తుంది. 65 శాతం ఉన్న బట్ట మీద కూడా బొమ్మ పడుతుంది కానీ నూలు పోగుల మీది రంగు ఉతుకులో పోయి పాతబడిన చూపు వస్తుంది. కొందరు ఆ చూపునే కోరుకుంటారు, అలా కోరనివారికి మాత్రం ఆ బట్ట ఇవ్వకూడదు.

మగ్గులకు ఇలాంటి పరీక్ష లేదు. కోటింగ్ ఉన్నదీ లేనిదీ కంటికి ఒకేలా ఉంటాయి. కొత్త చోట కొన్నప్పుడు ముందు రెండే తెచ్చుకుని, ప్రెస్ చేసి, గిన్నెలు తోమే సబ్బుతో వారం రోజులు కడిగి చూసిన తరువాతే పెట్టెలు కొనాలి. మగ్గును దీపానికి ఎదురుగా ఏటవాలుగా పట్టి తిప్పితే కోటింగ్‌లోని గుంతలు, వెంట్రుకలు, దుమ్ము గింజలు కనిపిస్తాయి. అలాంటివాటిని పక్కన పెట్టి ట్రయల్స్‌కు వాడుకోవాలి.

ఫైలు తయారీ

సాధారణంగా దొరికే 11 ఔన్సుల మగ్గుకు పిడి దగ్గర చోటు వదిలి, సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ సరిపోతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) లెక్కన అది 2362 అడ్డు, 1063 నిలువు పిక్సెళ్ళు. మీ మగ్గును మాత్రం ఒకసారి టేపుతో కొలుచుకోండి, ఒక్కో తయారీలో కొద్ది తేడా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత కుదించుకుపోయి వస్తుంది. కనుక దాన్ని డాక్యుమెంటుగా పంపమని అడగండి, ఎలా పంపాలో చెప్పండి. చిన్న ఫొటోను సాగదీసి పెద్దది చేస్తే ఏ ప్రెస్సూ దాన్ని బాగు చేయలేదు.

తెలుగు అక్షరాల విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషులో రాసిన సూచనలలో ఇది ఎక్కడా దొరకదు. రంగు ఆవిరిగా మారి దిగుతుంది కనుక ప్రతి గీతా కొద్దిగా లావవుతుంది. ఇంగ్లీషు అక్షరానికి అది పెద్ద లోపం కాదు. మన “లక్ష్మి”లోని క్ష కింది మకారపు ఒత్తు, “స్త్రీ”లోని రెండు ఒత్తులు, “ఘ”, “ఝ”ల లోపలి సన్నని సందులు ఆ లావుకు పూడిపోతాయి. అందుకే మగ్గు మీద 12 పాయింట్ల కన్నా చిన్న తెలుగు అక్షరం వేయను, ఒత్తులు ఎక్కువ ఉన్న పేర్లకు ఇంకా పెద్దవి వేస్తాను. రామభద్ర వంటి దట్టమైన ఫాంటును పెద్ద పేర్లకు ఉంచి, శుభాకాంక్షల వంటి సన్న అక్షరాలకు మండలి వంటి తేటగా ఉండే ఫాంటును వాడితే చదవడానికి బాగుంటుంది. ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు రాసినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడితే, టైప్ సెట్టింగులలో దక్షిణాసియా భాషల లేఅవుట్‌ను ఎంచుకోవాలి. అను వంటి పాత ఫాంట్లతో కోరల్‌డ్రాలో పనిచేసేవారు ఫైలును మరో కంప్యూటరుకు పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చాలి, లేకపోతే అక్కడ అర్థం లేని గుర్తులు వస్తాయి.

బొమ్మను మిర్రర్ చేసిన, అంటే అద్దంలో కనిపించినట్టు ఎడమ కుడిగా తిప్పిన తరువాతే ప్రింట్ వేయాలి. ఇది అందరికీ తెలిసినదే అయినా తెలుగులో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. మన అక్షరాలు గుండ్రనివి, తలకిందులు కానంత వరకు “గ”, “ద”, సున్నా వంటివి ఎటు తిరిగాయో తొందరలో కంటికి ఆనవు. ప్రింట్ వచ్చాక కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టి వెనకవైపు నుంచి చదవండి. అటునుంచి పేరు సరిగ్గా చదవగలిగితే మగ్గు మీద కూడా సరిగ్గా వస్తుంది.

రంగులు: ఐసీసీ ప్రొఫైల్

ప్రింటు కాగితం మీద వెలిసిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. సబ్లిమేషన్ రంగు వేడి తగిలి పాలిస్టర్‌లో కూర్చున్నాకనే అసలు రూపు చూపుతుంది. నలుపు కాగితం మీద బూడిద పచ్చగా ఉండి, ప్రెస్ తరువాత నల్లబడుతుంది. కాబట్టి కాగితం మీది రంగులను చూసి ఫైలు దిద్దడం వృథా.

రంగులను నిలబెట్టేది ఐసీసీ ప్రొఫైల్. అది మీ ప్రింటరు, మీ ఇంకు, మీ కాగితం అనే మూడింటి కలయికకు, ఏ రంగుకు ఏ ఇంకు ఎంత వేయాలో చెప్పే పట్టిక వంటిది. ఇంకు అమ్మినవారిని అడిగి తీసుకోండి, ప్రొఫైల్ ఇవ్వలేని ఇంకు ఎంత చవకైనా కొనవద్దని నా సలహా. ఫైలును ఆర్‌జీబీలోనే (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో రంగును చెప్పే పద్ధతి) ఉంచి, ఫోటోషాప్ ప్రింట్ విండోలో రంగుల బాధ్యత ఫోటోషాప్‌కు అప్పగించి, ప్రింటర్ ప్రొఫైల్ దగ్గర ఆ ఐసీసీని ఎంచుకోవాలి. తరువాత ప్రింటరును నడిపే ఎప్సన్ సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవర్ సెట్టింగులలోకి వెళ్ళి కలర్ కరెక్షన్‌ను నో కలర్ అడ్జస్ట్‌మెంట్‌గా మార్చాలి. ఈ రెండవ మెట్టును చాలామంది మరిచిపోతారు. అప్పుడు ఫోటోషాప్ ఒకసారి, డ్రైవర్ మరోసారి రంగులను దిద్దుతాయి, ముఖాలు ఎర్రగానో, రాగిరంగులోనో వస్తాయి. కాగితం రకం, నాణ్యతల సెట్టింగులు కూడా ప్రొఫైల్ చేసినవారు చెప్పినవే ఉండాలి, ఎందుకంటే ఎంత ఇంకు దిగాలో ఆ సెట్టింగే నిర్ణయిస్తుంది. చెప్పకపోతే మ్యాట్ కాగితం, హై క్వాలిటీతో మొదలుపెట్టండి. హై స్పీడ్ అనే ఎంపిక ఉంటే తీసివేయండి. దాన్ని తీస్తే హెడ్ ఒకే దిశలో వెళుతూ ప్రింట్ చేస్తుంది, కాస్త నెమ్మదిగా జరిగినా అడ్డచారలు తగ్గుతాయి.

మన ఆర్డర్లలో పసుపు, కుంకుమ రంగు, పట్టుచీరల ముదురు గులాబీ, ఆకుపచ్చలు పదే పదే వస్తాయి. ఈ రంగుల చిన్న చదరాలను ఒక వరుసగా పేర్చి, పక్కన వాటి ఆర్‌జీబీ అంకెలు వేసి, ఒక పాలిస్టర్ ముక్క మీద, ఒక మగ్గు మీద ప్రెస్ చేసి గోడకు తగిలించుకోండి. తెర మీద కనిపించే రంగు కంటే ఈ నమూనాను నమ్మండి. కొనుగోలుదారుకు కూడా దాన్నే చూపండి. జరీ బంగారు మెరుపు, రేడియం రంగులు ఈ నాలుగు ఇంకులతో రావు, జరీ లేత గోధుమ కలిసిన పసుపుగానే దిగుతుంది. ఆ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పాలి.

ప్రెస్‌ను పరీక్షించడం

ప్రెస్ మీద కనిపించే అంకె, దాని వేడి పలక అసలు వేడి ఒకటే అని అనుకోకండి. పలక మధ్యలో, నాలుగు మూలలా వేడి కొలిచి చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద తప్పు చూపుతుంది, కనుక నల్లని టెఫ్లాన్ పూత మీదనే కొలవాలి. వీలైతే తాకి కొలిచే రకం వాడాలి. మూలకూ మధ్యకూ 10 డిగ్రీలు దాటిన తేడా ఉంటే పెద్ద బొమ్మలలో రంగు ఒకే తీరున రాదు. పెద్ద బల్లపరుపు ప్రెస్ సుమారు 2000 వాట్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సొంత వైరింగు కావాలి. సాయంత్రం పూట వోల్టేజి పడిపోయే ఊళ్ళలో ఒక ప్రెస్‌కూ ఇంకొక ప్రెస్‌కూ మధ్య పలక తిరిగి వేడెక్కేందుకు ఎక్కువ సమయం పడుతుంది. అంకె తిరిగి చేరేవరకు ఆగాలి.

ఒత్తిడి సమానంగా ఉందా అని తెలుసుకోవడానికి, పలక చల్లగా ఉన్నప్పుడు నాలుగు మూలలా నాలుగు కాగితపు పట్టీలు పెట్టి మూసి, ఒక్కొక్కటిగా లాగి చూడండి. ఒకటి తేలిగ్గా జారి మరొకటి చిరిగేలా బిగిస్తే ఆ మూలలు సరిచేయాలి.

ఇక మీ అంకెలు తేల్చుకోవడం. బట్టకు 195 డిగ్రీలు, 50 సెకన్లు, మధ్యస్థ ఒత్తిడి నా మొదటి మెట్టు. మగ్గుకు 185 డిగ్రీలు, 170 సెకన్లు. పలచని అల్యూమినియం పలకకు 200 డిగ్రీలు, 60 సెకన్లు. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) ఫొటో చట్రానికి 195 డిగ్రీలు, 65 సెకన్లు. మౌస్ ప్యాడ్‌కు 190 డిగ్రీలు, 45 సెకన్లు. వీటిని మొదలుపెట్టడానికి మాత్రమే వాడుకోండి. ఒక తెల్ల పాలిస్టర్ గుడ్డను అరచేతి వెడల్పు ముక్కలుగా కోసి, రంగు చదరాలు, ఒక సన్నని గీత, ఒక తెలుగు పదం ఉన్న చిన్న బొమ్మను ప్రతి ముక్క మీద వేయండి. సమయాన్ని 50 సెకన్ల దగ్గర నిలిపి వేడిని మాత్రం 185, 190, 195, 200గా మార్చండి. అందులో మేలైనదాన్ని ఎంచుకుని, ఆ వేడి దగ్గర సమయాన్ని 35, 45, 55, 65 సెకన్లుగా మార్చండి. రెండింటినీ ఒకేసారి మార్చితే ఏది కారణమో తెలియదు, ఆ ట్రయల్ వృథా.

ప్రతి ముక్క పక్కన వాడిన కాగితాన్ని పెట్టి చదవండి. కాగితం మీద బొమ్మ ఇంకా ముదురుగా ఉండి, గుడ్డ మీద నలుపు గోధుమగా కనిపిస్తే వేడి గానీ సమయం గానీ చాలలేదు. కాగితం మీద నీడలాంటి లేత బొమ్మ అంతటా సమంగా మిగిలితే సరిపోయింది. కాగితం అంచులు రొట్టె కాలినట్టు ఎర్రబడి, గుడ్డ మీద గీతల అంచులు మసకబారి, తెలుపు పసుపు తేలితే మించిపోయింది. ఒకచోట ముదురుగా, మరొకచోట లేతగా ఉంటే వేడిని ముట్టుకోకండి, లోపం ఒత్తిడిలో ఉంది. సన్నని తెల్ల చుక్కలు, ఆవిరి మరకలు కనిపిస్తే కారణం తేమ. ఈ చూపు అలవాటైతే మగ్గు చల్లారక ముందే ఏం జరిగిందో తెలిసిపోతుంది.

మగ్గు, మెట్టు మెట్టుగా

మగ్గును వేలిముద్రలు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ప్రింటు వేసిన కాగితాన్ని కనీసం అయిదు నిమిషాలు ఆరబెట్టండి, వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. కాగితం పట్టీ ఎత్తు మగ్గు కన్నా కాస్త తక్కువ ఉండేలా కత్తిరించి, బొమ్మ మగ్గు వైపు ఉండేలా చుట్టండి. పిడికి రెండువైపులా ఎడం సమానంగా ఉందని చూసుకుని, ముందు ఒక వైపు వేడిని తట్టుకునే హీట్ టేపు అంటించి, కాగితాన్ని బొటనవేళ్ళతో బిగించి లాగుతూ రెండో వైపు అంటించాలి. చుట్టిన తరువాత చూపుడువేలితో పైనుంచి కిందికి నిమరండి. ఎక్కడైనా కాగితం డొల్లగా, టప్‌మని చప్పుడు చేస్తే అక్కడ సందు ఉంది, విప్పి మళ్ళీ చుట్టాలి. ఆ సందులోనే రేపు బొమ్మ మసకబారుతుంది. టేపు బొమ్మ మీదికి రాకుండా అంచుల దగ్గరే ఉండాలి.

చాలా మగ్గు ప్రెస్‌లలో రెండు ఉష్ణోగ్రతలు పెట్టుకోవచ్చు. ఒకటి మగ్గు లేనప్పుడు హీటరు నిలిచి ఉండే తక్కువ వేడి, రెండోది పని వేడి. ఖాళీ ప్రెస్‌ను పని వేడి దగ్గర ఎక్కువసేపు ఉంచితే రబ్బరు హీటరు త్వరగా చెడుతుంది. మగ్గును హీటరుకు ఎత్తులో సరిగ్గా మధ్యన పెట్టి, మూసినప్పుడు కాస్త బలం వేస్తేనే ప్రెస్ మీట పడేంత బిగువు ఉంచండి. చల్లని మగ్గు పెట్టగానే వేడి పడిపోతుంది. మీ యంత్రం సమయం లెక్కను మూసిన క్షణం నుంచి మొదలుపెడుతుందా, వేడి తిరిగి చేరాక మొదలుపెడుతుందా అన్నది ముందే తెలుసుకోండి. ఒకే అంకెలు ఇద్దరి దగ్గర వేరు వేరు ఫలితాలు ఇవ్వడానికి ఇది ఒక పెద్ద కారణం.

గంట మోగగానే చేతితొడుగులతో మగ్గు తీసి, కాగితాన్ని ఆలస్యం చేయకుండా, పక్కకు జరపకుండా ఒక్క ఊపున ఒలవాలి. వేడి మగ్గు మీద రంగు ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది, అప్పుడు కాగితం కదిలితే బొమ్మకు జంట నీడ పడుతుంది. దాన్నే ఘోస్టింగ్ అంటారు. మగ్గును చన్నీళ్ళలో ముంచకండి, పగుళ్ళు వస్తాయి. ఒకదానికొకటి తగలకుండా గాలి ఆడేచోట పెట్టి చల్లారనివ్వాలి. కాగితాన్ని వెంటనే చూడండి. మొదటి మగ్గు కాగితం బాగుందని తేలాకనే రెండోది పెట్టండి.

టీషర్టు

టీషర్టును ప్రెస్ అడుగు పలక మీద పరిచి, దుమ్ము, నూలు పోగులు తీసే జిగురు రోలరుతో రెండు సార్లు తుడవాలి. కంటికి కనిపించని నీలిరంగు పోగు ఒక్కటి ఉన్నా ప్రెస్ వేడికి దాని రంగు దిగి తెల్లబట్ట మీద నీలి చుక్కగా నిలిచిపోతుంది, అది ఉతికినా పోదు. తరువాత బొమ్మ లేకుండానే 5 నుంచి 10 సెకన్లు ప్రెస్ చేసి బట్టలోని తేమ తీయాలి. విజయవాడ, మచిలీపట్నం, విశాఖ వంటి చోట్ల వర్షాకాలంలో ఈ మెట్టు దాటేస్తే తప్పకుండా మరకలు వస్తాయి. కాగితపు కట్టను కూడా జిప్ సంచిలో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోవాలి.

బట్ట లోపల, వెనక పొరకు రంగు దిగకుండా ఒక తెల్ల కాగితం దూర్చండి. బొమ్మ కాగితం మీద మరొక తెల్ల కాగితం వేసి, దానిపైన టెఫ్లాన్ షీటు వేయండి. ఈ తెల్ల కాగితం మైనం గానీ, నునుపు గానీ లేని మామూలు తెల్ల న్యూస్‌ప్రింట్ అయితే చాలు, అచ్చుపడిన పాత పేపరు వద్దు. ప్రతి టీషర్టుకూ దాన్ని మార్చాలి. ముందటి బొమ్మ నుంచి దానికంటిన రంగు తరువాతి బట్ట మీద నీడగా దిగుతుంది. ఒకే కాగితంతో పొదుపు చేద్దామని పాడుచేసుకున్న టీషర్టు ధరకు ఆ కాగితాలు కట్టలు కట్టలు వస్తాయి.

కాగితం అంచు వెంబడి బట్ట మీద చతురస్రపు గుర్తు పడడం కొత్తవారిని బాగా విసిగిస్తుంది. బొమ్మ కాగితం అంచులను కత్తెరతో కాకుండా చేత్తో చింపితే అంచు పలచబడి గుర్తు తగ్గుతుంది. బట్ట కింద మెత్తని సిలికాన్ ఫోమ్ పెట్టి, ఒత్తిడి కొద్దిగా తగ్గించి, వేడిని 190కి దించి, సమయం కాస్త పెంచితే చాలావరకు పోతుంది. ఇక్కడ కూడా తీసేటప్పుడు కాగితం జరగకూడదు, అందుకే రెండు మూలల్లో హీట్ టేపు పెట్టి, ప్రెస్ నెమ్మదిగా తెరిచి, వేడిగా ఉండగానే ఒక్కసారిగా పైకి లాగాలి.

ప్రెస్ దగ్గర కిటికీ తెరిచి ఉంచండి, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోండి. రోజంతా ఆ ఆవిరిని పీల్చడం మంచిది కాదు, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

చేతికిచ్చేటప్పుడు

మగ్గును మెత్తని స్పాంజితో, చేత్తో కడగమని చెప్పండి. ఇనుప పీచు కోటింగ్‌ను గీరేస్తుంది. టీషర్టును లోపలివైపు పైకి తిప్పి ఉతికి, నీడలో ఆరవేయమనండి, ఇస్త్రీ బొమ్మ మీద నేరుగా వద్దని చెప్పండి. సబ్లిమేషన్ రంగు ఉతుకుకు నిలిచినంతగా ఎండకు నిలవదు. దుకాణం బయట రోజంతా ఎండలో ఉండే పేరు పలకకు ఎవరైనా ఆర్డరు ఇస్తే ఈ పద్ధతి దానికి తగదని చెప్పి, బయటి వాడకానికి తయారైన వినైల్ పని చేసేవారి దగ్గరకు పంపుతాను. పెళ్ళివారి మగ్గులైతే మాత్రం ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర వెలుతురులో ఒక చుట్టు తిప్పి, కింది అంచున తేదీ చదివి, ఆ తరువాతే డబ్బాలో పెడతాను.